ఎర్ర సిరా

నేను ముప్ఫైనాలుగేళ్ళు బడిలో పనిచేశాను. అందులో చివరి తొమ్మిదేళ్ళు హెడ్మాస్టరుగా ఉన్నాను. ఈ కాలంలో నా చేతిమీదుగా ఎన్ని ఎర్ర సిరా కలాలు అయిపోయాయో లెక్క చెప్పలేను. 2017 లో పదవీ విరమణ చేసినప్పుడు మా బడి పిల్లలు నాకొక శాలువా, ఒక గోడ గడియారం, వాటితోపాటు ఒక డజను ఎర్ర కలాలు ఇచ్చారు. సభలో పెద్దలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కలాలు వాళ్ళు అభిమానం కొద్దీ ఇచ్చారా, వేళాకోళానికి ఇచ్చారా అన్న అనుమానం నాకు ఆరేళ్ళదాకా రాలేదు.

ఇప్పుడు నేనూ, మా ఇంటావిడా నార్సింగిలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాం. నా చిన్నతనంలో ఒకసారి మా నాన్న నన్ను గండిపేట చెరువు చూపించడానికి ఈ వైపుకు తీసుకువచ్చాడు. 1908 లో మూసీ నదికి పెద్ద వరద వచ్చి హైదరాబాదును ముంచేసింది గదా. అటువంటి ఉపద్రవం మళ్ళీ రాకుండా కట్టిన చెరువు అది. 1920 లో పూర్తి అయింది. అప్పుడు నాకు ఎటు చూసినా బండరాళ్ళూ, సీతాఫలం చెట్లూ తప్ప మరేమీ కనిపించలేదు. ఇప్పుడు మా తొమ్మిదో అంతస్తు వసారాలో నిలబడితే ఔటర్ రింగు రోడ్డు మీద కార్లు చీమలబారులాగా పోతూంటాయి. కోకాపేట వైపున అద్దాల మేడలు పుట్టగొడుగుల్లాగా లేస్తున్నాయి. మా అపార్టుమెంటులో ఉండేవాళ్ళలో చాలామంది కంప్యూటరు ఉద్యోగులు. చెవుల్లో ఏవో పెట్టుకుని గాలితో మాట్లాడుతూ లిఫ్టు ఎక్కుతారు. మొదట్లో నాకు భయం వేసేది.

2023 వానాకాలంలో ఒకనాడు నేను పత్రికలో అచ్చుతప్పులు వెతికి, వాటికి సున్నాలు చుడుతూ కూర్చున్నాను. అప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు వచ్చి, "తాతయ్యా! ఆ పత్రికవాళ్ళు నీ సున్నాలు చూస్తారా ఏమన్నానా? అచ్చయిపోయినదాన్ని దిద్ది ఏం లాభం? అచ్చు కానిది నేను చూపిస్తాను, రా," అంది.

అది చిన్నపిల్లలకు కూడికలూ, తీసివేతలూ, అక్షరాలూ ఆటల రూపంలో నేర్పే ప్రోగ్రాము. దానిలో మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిని తెలుగు చేయడానికి పదిమంది పూనుకున్నారు. వాళ్ళెవరూ ఒక ఊరివాళ్ళు కారు. ఒకరి మొహం ఒకరు చూసినవాళ్ళూ కారు. ఎవరికీ జీతం లేదు. "మరి ఎందుకు చేస్తున్నారు?" అని అడిగాను. "ఇది ఓపెన్ సోర్సు, తాతయ్యా!" అంది మా మనవరాలు, అదే జవాబైనట్టుగా.

ఈ మాట మీలో కొందరికి తెలిసి ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం, మా అల్లుడు నాకు చెప్పినదాన్ని నా పద్ధతిలో చెబుతాను. దుకాణంలో మామిడికాయ తొక్కు సీసా కొంటే దాన్ని తినవచ్చు. ఐతే, అందులో ఉప్పెంత, కారమెంత, నూనె ఎప్పుడు పోశారు అన్నది ఆ కంపెనీవాళ్ళు చెప్పరు. మా చిన్నతనంలో ఊళ్ళో అట్లా కాదు. ఎవరింట్లో తొక్కు బాగా కుదిరినా చుట్టుపక్కలవాళ్ళు వెళ్ళి కొలతలు కనుక్కునేవారు. ఇంటికి వచ్చి, ఒకరు ఉప్పు తగ్గించేవారు, ఒకరు వెల్లుల్లి పెంచేవారు. ఇంకా బాగా కుదిరితే మొదట చెప్పిన ఆవిడ దగ్గరికే వెళ్ళి, "అక్కా, ఈసారి ఇట్లా చేసి చూడు," అని చెప్పేవారు. కంప్యూటరు ప్రోగ్రాముకు కూడా అటువంటి కొలతల చీటీ ఉంటుంది. దాన్నే సోర్సు కోడు అంటారు. కొన్ని కంపెనీలు దాన్ని ఇనప్పెట్టెలో దాచుకుంటాయి. ఓపెన్ సోర్సువాళ్ళు నలుగురి ముందూ పరిచిపెడతారు. ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, మరొకరికి ఇవ్వవచ్చు.

నేను ఉద్యోగంలో చేరిన 1983 లోనే అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, అందరూ స్వేచ్ఛగా వాడుకోగల ప్రోగ్రాములు తయారు చేద్దాం రండి అని ప్రకటన చేశాడు. 1991 లో ఫిన్లాండు దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ విద్యార్థి, తాను సరదాకు ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నాననీ, అదేమంత పెద్దది కాబోదనీ నలుగురికీ తెలియజేశాడు. అదే లినక్స్. ఈనాడు ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలోనూ దాని గుండెకాయే కొట్టుకుంటున్నది. ప్రపంచంలోకెల్లా వేగమైన అయిదువందల సూపర్ కంప్యూటర్లూ 2017 నుంచి దానితోనే నడుస్తున్నాయి. సరదా పనులు ఎంతవరకు పోతాయో చూడండి!

మన తెలుగువాళ్ళు కూడా ఈ పనిలో ఉన్నారు. 2005 లో మొదలైన "స్వేచ్ఛ" అనే సంస్థవారు తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టం తయారు చేశారు. వాళ్ళ ఆఫీసు మాకు దగ్గరలోనే, గచ్చిబౌలిలో ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. అదికూడా ఇటువంటి ఉమ్మడి పంటే. దానిలో రాసేవాళ్ళు మంచిచెడ్డలు మాట్లాడుకునే చోటికి "రచ్చబండ" అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. మా ఊరి రచ్చబండ దగ్గర జరిగిన పోట్లాటలు జ్ఞాపకం వచ్చి, కొంచెం నవ్వు కూడా వచ్చింది.

సరే, నేను పనిలోకి దిగాను. ఆ ప్రోగ్రాములో మూడువందల పైచిలుకు వాక్యాలున్నాయి. సగం అప్పటికే తెలుగైనాయి. నా పని వాటిని చదివి, తప్పులు దిద్దడం. ఇంతకన్న నాకు కావలసిందేముంది! రోజూ తెల్లవారి కాఫీ తాగి కూర్చునేవాణ్ణి.

నాలుగోనాడు ఒక వాక్యం నా కంటపడింది. పిల్లవాడు లెక్క తప్పు చేసినప్పుడు తెరమీద కనిపించవలసిన మాట అది. దానికి ఎవరో, "తప్పు. మల్లొక్కసారి చూడు," అని రాశారు. పక్కన ఇంకో పది పన్నెండు వాక్యాలు కూడా ఇదే ధోరణిలో ఉన్నాయి. "ళ్ళ" ఉండవలసిన చోట "ల్ల" ఉంది. "చూడండి" అనవలసిన చోట "చూడు" అని ఏకవచనం! నేను ఆ వాక్యాల కింద, అందరూ చదివేచోట, ఇట్లా రాశాను:

"ఇది బడి భాష కాదు. రాసినవారు తెలుగు వాచకం తెరిచినట్టు లేదు. అక్షరాలు రానివారు ఇటువంటి పనులలో తల దూర్చకుండా ఉంటే భాషకు మేలు చేసినవారవుతారు. సరైన వాక్యం: దయచేసి మరల ప్రయత్నింపుడు."

రాసి, కాఫీ రెండో విడత తెమ్మన్నాను. చాలా తృప్తిగా ఉంది.

ఆ రాసినవారి నుంచి జవాబు రాలేదు. మర్నాడు రాలేదు, మూడోనాడూ రాలేదు. అప్పటిదాకా రోజూ రాత్రి పదిగంటలు దాటాక ఏడెనిమిది వాక్యాలు ఆ పేరుతో వచ్చి చేరేవి. అవికూడా ఆగిపోయాయి. నేను దాన్ని పట్టించుకోలేదు. ఒక తప్పులవాడు తగ్గాడు, పని శుభ్రంగా జరుగుతుంది అనుకున్నాను.

వారం తరువాత ఆ పనికంతటికీ పెద్దదిక్కుగా ఉన్న అమ్మాయి ఫోను చేసింది. "నమస్కారం సార్! మీరు చూపించిన సంధి తప్పులు చాలా ఉపయోగపడ్డాయి. మీవంటివాళ్ళు ఇన్నాళ్ళూ మాకు లేరు," అని మొదలుపెట్టింది. నేను పొంగిపోయాను. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, ఆ అమ్మాయి, "సార్, ఒక్క మాట. ఆ 'మల్లొక్కసారి' రాసిన అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ళ నాన్న పనినుంచి ఇంటికి వచ్చాక ఫోను దొరికితే, దానిమీద చేస్తున్నాడు. ఇట్లాంటి పని చేయడం అతనికి ఇదే మొదటిసారి," అంది.

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను.

"మా దగ్గర నడవడికి కొన్ని నియమాలు రాసి పెట్టుకున్నాం సార్. పంపిస్తాను, తీరికగా చూడండి," అంది ఆ అమ్మాయి. అంతే. నన్ను తప్పుపడుతున్నట్టు ఒక్క మాట అనలేదు. నలుగురూ చదివేచోట నన్ను మందలించే అధికారం ఆ అమ్మాయికి ఉంది. అయినా మందలించలేదు. ఫోను చేసి చెప్పింది. ముప్ఫైనాలుగేళ్ళలో నేను ఎంతమంది పిల్లలను పక్కకు పిలిచి చెప్పానా అని లెక్క వేసుకుంటే, వేళ్ళు మిగిలిపోయాయి.

సాయంత్రం నేను ఎందుకు దిగులుగా ఉన్నానో మా అల్లుడు కనుక్కున్నాడు. ఇద్దరం కింద రోడ్డు వెంబడి నడుస్తూంటే అతను, "మామయ్యా, ఈ విషయంలో మీరు ఒంటరివారు కాదు లెండి. లినక్స్ రాసిన టోర్వాల్డ్స్ ఉన్నాడు గదా, ఆయన మీకన్న పదిరెట్లు," అని ఆ కథ చెప్పాడు.

లినక్స్‌లో ఎవరైనా ఒక మార్పు చేయదలిస్తే, దాన్ని ఒక చిన్న తునకగా రాసి పంపుతారు. దాన్ని ప్యాచ్ అంటారు. అంటే, చినిగిన బట్టకు వేసే మాసిక అన్నమాట. పెద్దవాళ్ళు దాన్ని పరీక్షించి, బాగుంటే అతికిస్తారు, లేకపోతే తిప్పి పంపుతారు. మూడు నెలలు తిరగకుండానే ఒక కొత్త లినక్స్ వస్తుంది. ఒక్కొక్కదానిలో వేలకొద్దీ మాసికలుంటాయి. ఇన్నిటినీ చూసే టోర్వాల్డ్స్‌కు కోపం ముక్కుమీద ఉండేది. పనికిరాని మాసిక పంపినవాణ్ణి లోకమంతా చదివేలాగా బూతులు తిట్టేవాడు. కొందరు మంచి పనివాళ్ళు ఆ ధోరణి భరించలేక వెళ్ళిపోయారు. "పని బాగుండాలంటే అట్లా గట్టిగా ఉండవలసిందే," అని ఇంకొందరు ఆయనను సమర్థించేవారు. (ఇది నేను ఉపాధ్యాయుల గదిలో ఎన్నిసార్లు విన్నానో! ఎన్నిసార్లు అన్నానో!)

చివరకు, 2018 సెప్టెంబరులో, టోర్వాల్డ్స్ అందరికీ ఒక లేఖ రాశాడు. తాను ఎదటివాళ్ళ మనసు అర్థం చేసుకునే మనిషిని కాననీ, తన మాటలు కొందరిని గాయపరిచి, ఈ పనికే దూరం చేసి ఉంటాయనీ, అందుకు క్షమాపణ చెప్పుకుంటున్నాననీ రాశాడు. కొంతకాలం పని ఆపి, ఈ విషయంలో ఒకరి సహాయం తీసుకుంటానని కూడా చెప్పాడు. అప్పుడే లినక్స్‌వాళ్ళు కొత్త నడవడి నియమావళి పెట్టుకున్నారు. అక్టోబరులో ఆయన తిరిగివచ్చాడు. మాసికలు తిప్పి పంపడం మానలేదు సుమా! లినక్స్ నాణ్యమూ తగ్గలేదు.

లినక్స్‌లో మరొక ఆచారం ఉంది. అది నాకు చాలా నచ్చింది. ప్రతి మాసికతోపాటూ, దాన్ని రాసినదెవరు, పరీక్షించినదెవరు అని పేర్లు రాస్తారు. మాసిక వేయడం చేతగాక, "ఇక్కడ చినిగింది" అని చెప్పినవాడు ఉంటే, అతని పేరుకూడా రాస్తారు. మా బడిలో నా లెక్క తప్పును చూపించిన పిల్లవాడి పేరు నేను ఎక్కడా రాయలేదు. కూర్చోమన్నాను.

చినుగు చూసినవాళ్ళంతా ఒక్కతీరుగా నడుచుకోరు. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. మన "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక విధంగా టైపు చేసి ఐఫోనుకు పంపిస్తే, దాన్ని చూపించబోయి ఆ ఫోనులోని ప్రోగ్రాము మూతపడిపోయేది. ఆపిల్ కంపెనీవాళ్ళు ఆ నెలలోనే దాన్ని సరిచేశారు. ఈలోగా ఆ అక్షరాన్ని పనిగట్టుకుని పరాయివాళ్ళ ఫోన్లకు పంపి తమాషా చూసినవాళ్ళున్నారు. జ్ఞానంలోని "జ్ఞా" తో ఈ పని చేశారు!

తప్పును చెప్పవలసిన పద్ధతికూడా ఒకటుంది. "మీ ప్రోగ్రాము పనిచేయడం లేదు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. అది డాక్టరు దగ్గరికి వెళ్ళి "ఒంట్లో బాగా లేదు" అన్నట్టుంటుంది. ఏ ఫోను, ఏ ఆట, ఎన్నో తెర, ఏది నొక్కితే ఏమయింది, ఏమవుతుందని మనం అనుకున్నాం అన్నవి చెబితే, చెప్పినవాడు సగం వైద్యం చేసినట్టే. అందులో తిట్టుకు చోటే ఉండదు.

మా అల్లుడు ఆ సాయంత్రం చెప్పిన కథ ఇంతే. ఐతే, మరుసటి ఏడు, అంటే 2024 మార్చిలో, అతను ఆఫీసు నుంచి చాలా కంగారుగా వచ్చి, ఇంకొక కథ చెప్పాడు. దాన్ని ఇక్కడే చెప్పడం మంచిది. ఎందుకంటే, మాట మర్యాద అంటే ఏదో పైపై మెరుగు అని నాకు లోపల ఇంకా ఒక మూల ఉండేది. దాన్ని వదిలించింది ఈ కథే.

పెద్ద దస్త్రాలను చిన్నవిగా నొక్కే "ఎక్స్‌జెడ్" అనే ప్రోగ్రాము ఒకటి ఉంది. లోకంలో లెక్కలేనన్ని లినక్స్ యంత్రాలలో అది ఉంటుంది. దాన్ని ఫిన్లాండులో ఒకే ఒక మనిషి, జీతం లేకుండా, తీరిక వేళల్లో చూసుకునేవాడు. 2022 లో కొందరు ఆయనను వేధించసాగారు. పని నత్తనడకగా సాగుతున్నదనీ, ఆయనకు శ్రద్ధ లేదనీ, చేతకాకపోతే మరొకరికి అప్పగించాలనీ రాశారు. ఆయన, తనకు చాలాకాలంగా మనసు బాగుండటం లేదనీ, ఇది తాను ఊరికే చేస్తున్న పనేననీ చెప్పుకున్నాడు. వాళ్ళు వినలేదు. ఆ సమయంలో ఒక సహాయకుడు మాత్రం ఎంతో మర్యాదగా, ఓపికగా మాసికలు పంపుతూ వచ్చాడు. అలిసిపోయిన ఆ మనిషి చివరకు అతనికి తాళంచెవులు ఇచ్చాడు.

ఆ సహాయకుడు దొంగ. 2024 ఫిబ్రవరిలో అతను ఆ ప్రోగ్రాములో ఎవరికీ కనిపించకుండా ఒక దొంగవాకిలి పెట్టాడు. దానిగుండా పరాయివాళ్ళ యంత్రాలలోకి దూరవచ్చు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు, తన యంత్రంలోకి ప్రవేశించడానికి ఎప్పటికన్న అర సెకను ఎక్కువ పడుతున్నదేమిటా అని అనుమానం వచ్చింది. తవ్వుకుంటూ పోతే, దొంగవాకిలి బయటపడింది. మార్చి 29 న ఆయన ఆ సంగతి లోకానికి చెప్పాడు. ఆ అర సెకనును ఆయన పట్టించుకోకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం వేస్తుంది. అంతకు రెండేళ్ళ ముందు కఠినంగా రాసినవాళ్ళు కూడా ఉత్తుత్తి పేర్లేననీ, ఆ దొంగకు దారి చేయడానికే అట్లా రాశారనీ పరిశోధించినవాళ్ళు అనుమానిస్తున్నారు.

"ఆ తిట్లు చదివినప్పుడు మామూలు తిట్లేననుకున్నాం మామయ్యా! మా వాళ్ళలో అది మామూలే గదా అనుకున్నాం. అందుకే ఎవరూ అడ్డం వెళ్ళలేదు," అన్నాడు మా అల్లుడు.

ఇంక నా కథకు వస్తాను.

టోర్వాల్డ్స్ సంగతి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1991 అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఆ ఏడు నేను ఎనిమిదో తరగతికి తెలుగు చెప్పేవాణ్ణి. "మా ఊరి చెరువు" అని ఒక వ్యాసం రాసుకురమ్మన్నాను. అందరూ పది వరసలు రాశారు. వెనకబెంచీ పిల్లవాడు ఒకడు మూడు పేజీలు రాశాడు. తొలకరి వానకు కప్పలు ఎట్లా అరుస్తాయో, మత్తడి దూకేటప్పుడు చేపలు ఎట్లా ఎగురుతాయో, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే రాశాడు. నేను దానికి నలభైఒక్క సున్నాలు చుట్టాను. అంతటితో ఊరుకున్నానా? అందులోని ఒక వాక్యాన్ని, వాడి యాసతోనే, తరగతికి చదివి వినిపించాను. పిల్లలంతా విరగబడి నవ్వారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కాని, ఆ యాస మా ఇంట్లో మా అమ్మ మాట్లాడేదే.

ఆ తరువాత వాడు బడి మానలేదు, ఏమీ కాలేదు. కాని ఏ వ్యాసమిచ్చినా నాలుగే వరసలు రాసేవాడు. అవి వాచకంలోనుంచి ఎత్తి రాసినవి. ఒక్క తప్పు ఉండేది కాదు. తప్పులు లేవు గనక నేను మంచి మార్కులు వేసేవాణ్ణి. వాడు బాగుపడ్డాడని కూడా అనుకున్నాను. బి.ఎడ్. చదివేటప్పుడు పిల్లల మనసును గురించి ఒక పరీక్ష మొత్తం రాసి, మొదటి శ్రేణిలో ప్యాసైనవాణ్ణి నేను!

మర్నాడు కూర్చుని ఆ ఇంటర్ అబ్బాయికి క్షమాపణ రాశాను. నా మొదటి ప్రతి మా మనవరాలు చదివింది. అది "మీ మనసు నొప్పించినందుకు చింతిస్తున్నాను, కాని భాషా విషయంలో..." అని సాగింది.

"తాతయ్యా! 'కాని' దగ్గర ఆపెయ్యి," అంది.

"అప్పుడు తప్పు తప్పు కాకుండా పోతుందా?" అన్నాను.

"దాన్ని గురించి ఇంకో ఉత్తరం రాయి. ఇది దానికి కాదుగా?"

ఎవరు ఎవరికి వ్యాసరచన నేర్పుతున్నారో నాకు అర్థం కాలేదు. "కాని" కొట్టేశాను. ఆ తరువాత, ఆ పిల్లవాడికి ఒక్కడికే చాటుగా పంపుదామనుకున్నాను. అందుకు మా ఇంటావిడ ఒప్పుకోలేదు. "అన్నది బజార్లో, చెంపలేసుకునేది వంటింట్లోనా?" అంది. ఆ మాట నిజమే. నేను ఎక్కడ తిట్టానో అక్కడే, ఆ తిట్టు కిందనే, ఇట్లా రాశాను:

"పైన నేను రాసినవి రాయకూడని మాటలు. ఈ వాక్యాలు రాసినవారికి నా క్షమాపణలు. వారు ఇంతవరకూ చేసిన నూటపది వాక్యాలూ ఈ రోజు మళ్ళీ చదివాను. తొంభైరెండింటిలో దిద్దవలసింది ఏమీ లేదు. మిగిలినవాటిని గురించి వారితో కలిసి మాట్లాడుకోవాలని నా కోరిక."

తొంభైరెండు అన్న లెక్క నిజం. మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ పద్దెనిమిదే కనిపించాయి.

పదకొండు రోజులు ఏమీ రాలేదు. రోజూ రాత్రి పదిగంటలకు తీసి చూసేవాణ్ణి. పన్నెండోనాడు ఒక జవాబు వచ్చింది.

"పరవాలేదు సార్. ఇంట్లో పని ఉండి రాలేదు. సార్, మీ వాక్యం బటన్‌లో పట్టడం లేదు. మూడో ఆట, రెండో తెర, చిన్న ఫోను. ఫొటో పెట్టాను."

ఇంట్లో పని నిజమో, నన్ను కాపాడటానికి అన్నాడో నాకిప్పటికీ తెలియదు. ఆ ఫొటో తెరిచి చూశాను. "దయచేసి మరల ప్రయత్నింపుడు" అన్న నా గంభీరమైన వాక్యం ఆ బుల్లి బటన్‌లో ఇమడక, "దయచేసి మర" దగ్గర తెగిపోయింది. ఒకటో తరగతి చదువుతున్న మా మనవడు నా భుజం మీదనుంచి దాన్ని కూడబలుక్కుని చదివి, "దయచేసి మర అంటే ఏమిటి తాతా? పిండిమరా?" అన్నాడు.

ఆ అబ్బాయి "మల్లొక్కసారి చూడు" అని ఎందుకు రాశాడో నాకప్పుడు తెలిసింది. అది ఆ బటన్‌లో సరిగ్గా పడుతుంది. వాడు చిన్న ఫోను మీద ఒక్కొక్క వాక్యమే పెట్టి చూసి, పట్టినదే రాశాడు. నేను పెద్ద తెరమీద కూర్చుని దిద్దాను.

తరువాత మేమిద్దరం ఆ ఒక్క వాక్యం మీద నాలుగు రాత్రులు వాదించుకున్నాం. "ళ్ళ" రాయాలన్నాను. "సరే సార్" అని వెంటనే ఒప్పుకున్నాడు. "చూడండి" అనాలన్నాను. దానికి ఒప్పుకోలేదు. "ఆరేళ్ళ పిల్లల్ని 'అండి' అంటే, ఎవరో పెద్దవాళ్ళని అంటున్నారని వెనక్కి తిరిగి చూస్తారు సార్," అన్నాడు. "చూడు" అంటే యంత్రం దబాయిస్తున్నట్టుంటుందని నేనన్నాను. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇంగ్లీషులో ఈ బాధే లేదు. వాళ్ళకు చిన్నా పెద్దా అందరికీ ఒకటే మాట. మనకు ఒక్క క్రియాపదం పలకాలన్నా ఎదటి మనిషి ఎవరో చూసుకోవాలి.

నాలుగోనాటి రాత్రి వాడే దారి కనిపెట్టాడు. "ఇంకోసారి చూద్దాం" అని పంపాడు. చూడు కాదు, చూడండీ కాదు. చూద్దాం! తప్పు చేసినవాడూ, తప్పు చెప్పినవాడూ ఒకే వైపున నిలబడ్డారు. ముందున్న "తప్పు" అనే మాటకూడా వాడు తీసేశాడు. లెక్క ఎర్రగా వెలిగితే చాలదా సార్ అన్నాడు. నేను ఎర్రకూడా వద్దన్నాను. నారింజ రంగు పెట్టారు.

ఆ ఏడు సంక్రాంతి లోపలే పని పూర్తి అయింది. ప్రోగ్రాము చివర, ఎవరూ చదవని ఒక పేజీలో, తెలుగు చేసినవారి పేర్లున్నాయి. అకారాది క్రమం గనక ఆ అబ్బాయి పేరు నాకన్న ముందే వచ్చింది. ఆ పేజీని మా ఇంటావిడకు చూపించాను. కళ్ళజోడు తెచ్చుకుని రెండుసార్లు చదివింది.

నిన్న మధ్యాహ్నం మా మనవడు వసారాలో కూర్చుని ఆ ఆట ఆడుతున్నాడు. పదమూడులోనుంచి ఎనిమిది తీసివేయాలి. ఆరు అని నొక్కాడు. నారింజ రంగు వెలిగింది. వాడు ఫోనును మొహానికి దగ్గరగా పెట్టుకుని, "ఇంకోసారి చూద్దాం," అని పైకి చదివి, తన వేళ్ళు చాలక నా చెయ్యి పట్టుకుని, దాని వేళ్ళు కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.